గడియారం గారి ఫైనల్

అతను మొట్టమొదటిసారి ఆమె పక్కన వచ్చి కూర్చున్నది ఇష్టపడి కాదు. అంపైర్ పంపిస్తే కూర్చున్నాడు.

ఆ ఏడు ఖండం మొత్తానికీ జరిగే పురుషుల ఇండోర్ హాకీ ఛాంపియన్‌షిప్ వాళ్ళ ఊళ్ళోనే పెట్టారు. పెట్టారంటే పెట్టారు గానీ, హాలు మాత్రం పాతదే. పైన రేకుల కప్పు, కింద వార్నిష్ వాసన కొట్టే చెక్క నేల, బంతి బయటికి పోకుండా రెండు పక్కలా పొడుగ్గా పరిచిన చెక్క బోర్డులు. మధ్య గీతకి ఎదురుగా ఒక బల్ల. ఆ బల్ల దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని ఆమె.

ఆమె పని చిన్నదే. తప్పు చేసిన ఆటగాణ్ణి అంపైర్ బయటికి పంపితే, అతను వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చోవాలి. పచ్చ కార్డుకి ఒక నిమిషం, పసుపు కార్డుకి రెండు. టైము చూసి ఆమె "వెళ్ళండి" అనాలి. అనేదాకా ఎంతటి మొనగాడైనా లేవడానికి వీల్లేదు.

అతను దబ్బుమని కూర్చున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నేనేం చేశానండీ? బంతిని కొట్టాను. హాకీలో బంతిని కొట్టకపోతే ముద్దు పెట్టుకుంటారా?"

"బయట మైదానంలో కొట్టుకోండి. హాల్లో కొట్టకూడదు. కర్ర వెనక్కి ఎత్తకుండా తొయ్యాలి."

"తొయ్యడానికి ఇదేమన్నా తోపుడు బండా?"

"మాట్లాడకండి."

"అది కూడా రూలేనా?"

"కాదు. నాకు తలనొప్పి."

అతను నోరు మూసుకున్నాడు. కాసేపే. "ఎంతైందండీ?" అన్నాడు మళ్ళీ.

"ఇంకా ఉంది."

"అసలు నడుస్తోందా ఆ గడియారం?"

"అది నడుస్తోంది. ఆగిపోయింది మీరే. వెళ్ళండి."

అతను బోర్డు దూకుతూ వెనక్కి తిరిగి, "థాంక్స్, గడియారం గారూ!" అని అరిచాడు. గ్యాలరీలో సగం మందికి వినిపించింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. టోర్నమెంటు డైరెక్టరు, అంటే ఆమె సొంత బాబాయి, బల్ల ఆ చివర్నుంచి మీసాల చాటున నవ్వుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, అతను చిన్నప్పట్నుంచీ పచ్చిక మైదానంలో ఆడినవాడు. ఇండోర్‌కి, మన దేశం జట్టులోకి వచ్చి కొద్ది నెలలే అయింది. బంతి కాళ్ళ దగ్గరకి రాగానే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఆపైన ముక్కు మీద కోపం. జట్టులో అందరూ చిచ్చుబుడ్డి అనేవాళ్ళు. ఊరికే అన్నారా మరి!

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"మళ్ళీనా?" అంది ఆమె.

"చెయ్యి మాట వినట్లేదండీ."

"చెయ్యా, మీరా?"

"ఇద్దరమూ."

అప్పుడు వానాకాలం. రేకుల మీద వాన మొదలైందంటే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. చెప్పాలంటే దగ్గరికి వంగాలి. అతను వంగేవాడు. ఆమె స్టాప్‌వాచ్ మీంచి కళ్ళు తీసేది కాదు. కానీ చెవి ఎక్కడుందో ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. ఆ కాస్త సమయంలోనే అతను చాలా చెప్పేశాడు. వాళ్ళమ్మ బట్టల కొట్లో లెక్కలు చూస్తుందని, చెల్లెలు తనకంటే బాగా ఆడుతుందని, ఓడిపోయిన రోజు తనకి అన్నం సహించదని. ఆమె ఏమీ చెప్పలేదు. "వెళ్ళండి" అని మాత్రమే అంది. రోజురోజుకీ ఆ మాట అనడం కష్టమవుతోందని మాత్రం ఎవరికి చెప్పుకుంటుంది?

కెప్టెన్ తల పట్టుకున్నాడు. "ఒరేయ్, నువ్వు కావాలనే కార్డులు తెచ్చుకుంటున్నావా ఏంటి?"

"కావాలని ఎవరు తెచ్చుకుంటారన్నా?" అన్నాడు చిచ్చుబుడ్డి, బల్లవైపు చూస్తూ.

మ్యాచ్‌లు లేని రోజున ఆమె క్యాంటీన్‌లో ఒక్కతే టీ తాగుతుంటే, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కూర్చోవచ్చా? ఇవాళ కార్డు లేదు."

"కార్డు లేకుండా కూర్చోవడం మీకు అలవాటుందా?"

"లేదు. అందుకే అడుగుతున్నా."

ఆమె నవ్వింది. అదే మొదటిసారి అతని ఎదుట నవ్వడం. అతను కుర్చీ లాక్కోబోయి టీ మీద పోసుకున్నాడు. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లలో మూడు గోల్స్ వేశాడంటే నమ్మండి, నమ్మకపోండి. అన్నీ తోసి వేసినవే.

ఫైనల్ రానే వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. బయట కుండపోత. స్కోరు సమానం. ఆట ఆఖరికి వచ్చేసరికి, అవతలి ఆటగాడు బంతితో దూసుకుపోతుంటే చిచ్చుబుడ్డి కర్ర అడ్డం పెట్టాడు. పసుపు కార్డు. రెండు నిమిషాలు.

వచ్చి కూర్చున్నాడు. ఈసారి రుసరుసలు లేవు. నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఇదే ఆఖరు కదండీ. రేపట్నుంచి మీ పక్కన కూర్చోడానికి నాకు కారణం ఉండదు. మ్యాచ్ అయ్యాక వెనక గేటు దగ్గర ఉంటాను. మీరొస్తే, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో అడుగుతాను. రాకపోతే, అర్థం చేసుకుంటాను."

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో అడక్కండి. గుండె చప్పుడు రేకుల మీది వానని మించిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మా బాబాయి" అని చెప్పబోయి, అప్పుడు చేతిలోకి చూసుకుంది. ముల్లు రెండు నిమిషాలు ఎప్పుడో దాటేసింది.

"వెళ్ళండి! వెళ్ళండి!"

అతను ఒక్క గెంతు గెంతాడు. బోర్డు దాటి రెండడుగులు వేశాడో లేదో, అతను ఉండాల్సిన ఖాళీలోంచి బంతి వెళ్ళి గోల్లో పడింది. కాసేపటికి హారన్ మోగింది. కప్పు పోయింది.

ఆ తర్వాత ఆఫీసు గదిలో పంచాయితీ జరిగింది. బాబాయి, ఇద్దరు అంపైర్లు, కెప్టెన్, వీళ్ళిద్దరూ.

"తప్పు నాది. నేను ఆలస్యంగా చెప్పాను," అంది ఆమె.

"ఆవిడ సరిగ్గానే చెప్పారు. నేనే లేవలేదు," అన్నాడు అతను.

"అబద్ధం. నేను టైము చూసుకోలేదు."

"నన్ను కాపాడదామని అంటున్నారు సార్. ఆట చూస్తూ నేనే కూర్చుండిపోయాను."

తప్పు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకోవడం ఆ గది ఎన్నడూ చూసి ఉండదు. కెప్టెన్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అతన్ని అక్కడికక్కడే జట్టులోంచి తీసేశామన్నాడు. అతను మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆమెని బాబాయి వదల్లేదు. అసలేం జరిగిందో చెప్పమని అడిగాడు, మళ్ళీ అడిగాడు, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా అడిగాడు. ఆమె బయటపడి, వానలో తడుస్తూ వెనక గేటుకి పరిగెత్తేసరికి ఆటగాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

నా మొహం చూడ్డం ఇష్టంలేక వెళ్ళిపోయాడు, నావల్ల జట్టు పోయింది కదా అనుకుంది ఆమె. ఫోన్లు లేవా అంటే ఉన్నాయి. నంబరు తెలుసుకోలేదా అంటే తెలుసుకోవచ్చు. ఏ మొహం పెట్టుకుని చేస్తుంది? అటువైపు వాడూ అలాగే అనుకున్నాడన్న సంగతి ఆమెకి తెలియదు.

ఇదంతా తొమ్మిదేళ్ళ కిందటి మాట.

ఆ ఫైనల్ తర్వాత ఆమెకి పెద్ద మ్యాచ్‌లు ఇవ్వడం మానేశారు. పిల్లల పోటీలు, కాలేజీ పోటీలు, ఎవరూ చూడని ఆటలు. ఆమె అన్నిటికీ వెళ్ళింది. పగలు కాలేజీలో వ్యాయామం టీచరు ఉద్యోగం, సెలవుల్లో టేబుల్. వాచీ మీంచి మళ్ళీ ఎన్నడూ కన్ను తీయలేదు. పెళ్ళి మాటెత్తితే, "ఒక ఫైనల్ చెయ్యాలమ్మా. తప్పు లేకుండా ఒక్క ఫైనల్ చేస్తే చాలు. ఆ తర్వాత చూద్దాం," అనేది. వాళ్ళమ్మకి ఈ ఫైనల్ గోలేమిటో ఒక పట్టాన అర్థమయ్యేది కాదు.

చివరికి ఆ రోజు వచ్చింది. ఛాంపియన్‌షిప్ మళ్ళీ వాళ్ళ ఊరికే వచ్చింది. హాలుకి కొత్త కప్పు వేశారు, వాన పడితే వినిపించడమే లేదు. కార్డు పడ్డవాళ్ళ టైము ఇప్పుడు గోడమీద ఎర్రటి అంకెల్లో కనిపిస్తోంది, "వెళ్ళండి" అనేది మాత్రం ఇప్పటికీ బల్ల దగ్గరివాళ్ళే. ఆమెకి ఎందుకో ఆ పాత రేకులే బాగున్నాయనిపించింది. ఫైనల్‌కి టేబుల్ అధికారుల పెద్దగా ఆమె పేరే ఖాయం చేశారు. బాబాయి ఇప్పటికీ డైరెక్టరే, మీసాలు మాత్రం తెల్లబడ్డాయి.

మొదటి రోజు కర్రల తనిఖీ. ప్రతి కర్రనీ ఒక ఇనప రింగులోంచి దూర్చి చూస్తారు. దూరకపోతే పనికిరాదు. ఆమె తలొంచుకుని ఒక్కొక్కటే దూరుస్తోంది.

"పొరుగు దేశం జట్టండీ. ఇవి మావి."

ఆ గొంతు వినగానే రింగు చేతిలోంచి జారి బల్లమీద గిర్రున తిరిగింది.

కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు, మెడలో కోచ్ అని రాసున్న కార్డు. మిగతాదంతా అతనే.

"కూర్చోండి," అంది ఆమె.

"వద్దండీ. మీ పక్కన కూర్చుంటే మా జట్టుకి కలిసిరాదు."

హాస్యమాడాడో, దెప్పాడో ఆమెకి తెలియలేదు. కర్ర తీసి రింగులో దూర్చింది. దూరలేదు. మళ్ళీ దూర్చింది.

"అది అడ్డంగా పెట్టారు," అన్నాడు అతను మెల్లగా.

"నాకు తెలుసు."

"తొమ్మిదేళ్ళయినా కోపం పోలేదా?"

"కోపమా? నాకా?" ఆమె కర్ర బల్లమీద పెట్టేసింది. "కోపంతో వెళ్ళిపోయింది మీరు. వచ్చి చూస్తే గేటు దగ్గర పిట్ట కూడా లేదు."

అతను బల్లమీదికి వంగాడు.

"వచ్చారా?" అన్నాడు.

"వచ్చాను. మా బాబాయి వదిలితే కదా! పరిగెత్తుకుంటూ వచ్చాను. మీ బస్సు వెళ్ళిపోయింది."

"డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడండీ. మావాళ్ళు నన్ను లాక్కెళ్ళి ఎక్కించారు. మీరు రాలేదు కాబట్టి ఇష్టం లేదనుకున్నాను. జట్టులో లేను, ఉద్యోగం లేదు, ఏం చూసి వస్తుందిలే అనుకున్నాను. అందుకే ఈ ఊరి వంక తిరిగి చూడలేదు, పొరుగు దేశం వాళ్ళు కోచ్ పని ఇస్తే అక్కడికే వెళ్ళిపోయాను."

"ఒక్క ఫోను చెయ్యలేకపోయారా?"

"మీరు?"

ఇద్దరూ ఆ కర్రల కుప్పకి అటొకరు ఇటొకరు నిలబడి, ఇంతటి మూర్ఖులు ఎక్కడైనా ఉంటారా అన్నట్టు చూసుకున్నారు. ముందు ఆమెకి నవ్వొచ్చింది. తర్వాత అతనికి. నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

"గడియారం గారూ, ఆ రోజు అడిగినదానికి నాకింకా జవాబు రాలేదు," అన్నాడు.

"ఇన్నేళ్ళకి అడుగుతారా!"

"పెళ్ళయిందేమోనని వచ్చీ రాగానే క్యాంటీన్‌లో కనుక్కున్నాను. కాలేదన్నారు. అప్పట్నుంచీ అడుగుదామనే ఉన్నాను. కానీ ఇప్పుడు చెప్పొద్దు. మీకు ఫైనల్ ఉందటగా. అదయ్యాక చెప్పండి. ఈసారి బస్సు వెళ్ళినా నేను వెళ్ళను."

అంత బాగా మాట్లాడితే మనిషి ఎలా నిద్రపోతుంది చెప్పండి?

ఆ వారమంతా ఆమె టేబుల్ దగ్గర, అతను ఆటగాళ్ళ బెంచీ దగ్గర. మధ్యలో పది అడుగులు కూడా ఉండవు. అతని జట్టు ఓడిపోతుందిలే, ఇంటికి పోతుందిలే, ఏ గొడవా ఉండదులే అనుకుంది ఆమె. ఆ మొద్దబ్బాయిలు సెమీఫైనల్ కూడా గెలిచి కూర్చున్నారు. ఫైనల్లో అటు సొంత జట్టు, ఇటు అతని జట్టు. సొంత జట్టు కోచ్ ఎవరనుకున్నారు? ఆనాటి కెప్టెనే.

ఫైనల్ రోజు మధ్యాహ్నం, ఆఫీసు గదిలో అధికారులందరి మీటింగు. బాబాయి ప్రతి మ్యాచ్‌కీ ముందు అడిగే మాటే అడిగాడు.

"ఆడే రెండు జట్లలో ఎవరితోనైనా, ఎవరికైనా, చుట్టరికం గానీ మరో సంబంధం గానీ ఉంటే ఇప్పుడే చెప్పాలి. చెబితే మనిషిని మారుస్తాం, తప్పేం లేదు. దాచితే మాత్రం ఊరుకోను."

ఆమె చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. ఈ రోజు కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. అతను కూడా ఆగమనే అన్నాడు. ఇంకా ఏమీ కాలేదు కదా, ఏం చుట్టరికం ఉందని?

కానీ లోపల జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది. మనసొకచోట, చెయ్యొకచోట ఉంటే ఏమవుతుందో ఆమెకి తెలిసినంత బాగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఇవాళ అతని ఆటగాడికి కార్డు పడితే? ఒక్క క్షణం అటో ఇటో అయితే? లేదా ఎక్కడ అవుతుందోనన్న భయంతో ఎదుటివాళ్ళకి అన్యాయం చేస్తే?

ఆమె లేచింది. "నేను కూర్చోలేను, సార్."

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకు?"

"ఒక కోచ్‌తో... సంబంధం ఉంది."

"ఏ కోచ్?"

"పొరుగు దేశం కోచ్."

"ఏం సంబంధం?"

"ఇంకా లేదు. అవుతుంది."

గదిలో ఎవరో దగ్గారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. బాబాయి ముందుకు వంగాడు.

"అవుతుందంటే? ఎప్పట్నుంచి?"

"ఇది డైరెక్టరుగా అడుగుతున్నారా, బాబాయిగా అడుగుతున్నారా?"

"డైరెక్టరుగానే."

"అయితే తొమ్మిదేళ్ళ నుంచి, సార్."

"ఇప్పుడు బాబాయిగా అడుగుతున్నా. నాకెందుకు చెప్పలేదే?"

"ఆ రోజు చెప్పబోయేలోపే టైము దాటిపోయింది బాబాయ్," అంది ఆమె.

ముసలాయన బల్లమీది కాగితాలు పక్కకి నెట్టాడు. "మనం ఎంతో కష్టపడి తెచ్చుకున్న కుర్చీ తల్లీ ఇది. మళ్ళీ వస్తుందో రాదో."

"తెలుసు. కుర్చీ పోతే బాధపడతాను. అతను మళ్ళీ వెళ్ళిపోతే బతకలేను."

అంతమంది ముందు ఆ మాట ఎలా అనేసిందో ఆమెకే తెలియదు. అనేశాక సిగ్గు వేసింది గానీ, వెనక్కి తీసుకోవాలనిపించలేదు. స్టాప్‌వాచ్ తీసి బల్లమీద పెట్టింది.

బాబాయి తలుపు దగ్గరికి వెళ్ళి ఇద్దరు కోచ్‌లనీ లోపలికి పిలిపించాడు. ఆమె గోడకి ఆనుకుని, తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడింది.

"టేబుల్ దగ్గర ఒక మార్పు చేస్తున్నాం," అన్నాడు బాబాయి, మ్యాచ్ ఫలితం చదివే గొంతుతో. "కారణం ఇద్దరికీ చెప్పడం నా బాధ్యత. ఈవిడకి ఒక జట్టు కోచ్‌తో సంబంధం ఉందట. తనే ఒప్పుకుని తప్పుకుంది."

ఆనాటి కెప్టెన్ తెల్లమొహం వేశాడు. "నాకైతే చుట్టరికం లేదు సార్. మా ఆవిడ తరఫు కూడా కాదు. మరి ఎవరి..."

మాట మధ్యలో ఆపి, పక్కకి తిరిగి చూశాడు. పక్కన చిచ్చుబుడ్డి మొహం చెవులదాకా ఎర్రబడిపోయి ఉంది.

"ఓరి నీ!" అన్నాడు కెప్టెన్. "అయితే ఆ రోజు నువ్వు కుర్చీలోంచి లేవకపోవడం... ఒరేయ్, దీనికోసమా నేను కప్పు పోగొట్టుకున్నది?"

"అన్నా, అది..."

"నువ్వుండవయ్యా," అని బాబాయి కెప్టెన్ని ఆపి, చిచ్చుబుడ్డి వైపు తిరిగాడు. "ఇదిగో, నిన్నే. పద్ధతి ప్రకారం అడుగుతున్నా. ఈ అమ్మాయి చెప్పినదాని మీద నీకేమైనా అభ్యంతరం ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే చెల్లదు."

అతను గోడ దగ్గర నిలబడ్డ ఆమెని చూశాడు. బల్లమీద ఒంటరిగా ఉన్న స్టాప్‌వాచ్‌ని చూశాడు. ఆమె ఏం వదులుకుందో అతనికి ఒక్కసారిగా అర్థమైంది.

"ఆగమన్నాను కదండీ," అన్నాడు ఆమెతో, కళ్ళు చెమర్చి.

"తొమ్మిదేళ్ళు ఆగాను. చాలదా?" అంది ఆమె.

"ఇక్కడ నేనొక మాట అడిగాను," అన్నాడు బాబాయి.

"లేదు సార్. అభ్యంతరం లేదు. అస్సలు లేదు. ఎప్పుడూ లేదు."

"సరే. అయితే ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారు?" బాబాయి గడియారం చూసుకున్నాడు. మీసాల చాటున పెదవులు వణికాయి. "మీ కుర్రాళ్ళు వార్మప్‌కి మీకోసం చూస్తున్నారు. వెళ్ళండి, అల్లుడుగారూ."